గోపాలప్ప ఆవిరి, మునిలక్ష్మి కాఫీ

బెంగళూరు సిల్క్‌బోర్డు కూడలిలో బస్సు ఆగడం వార్త కాదు, కదలడం వార్త. హొసూరు నుంచి మెజస్టిక్ పోయే బస్సులో వెనక సీటు పట్టుకుని నేను ఆ వార్త కోసమే ఎదురుచూస్తూ కునుకు తీస్తున్నాను. డ్రైవరుకు ముందెక్కడో జానెడు ఖాళీ కనబడింది కాబోలు, ఒక్క ఉరుకు ఉరికించి మళ్లీ బ్రేకు తొక్కాడు. పక్కనుంచి ఒక కర్ర వచ్చి నా చెవికి గట్టిగా తగిలింది.

"తగిలిందా సామీ?"

"తగిలిందయ్యా."

"పోరాటమన్నాక తగలతాయి," అన్నాడు కర్ర పట్టుకున్నాయన.

పోరాటం ఆయనది, చెవి నాది. తిరిగి చూశాను. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, బొమ్మనహళ్ళిలో ఎక్కినట్టున్నాడు, ఇంకా చెమట పట్టలేదు. భుజం మీద బూడిదరంగు టవలు. కాళ్ల మధ్య కర్రలకు బిగించిన అట్టలు, వాటి మీద కన్నడంలో పెద్ద అక్షరాలు, కింద తెలుగులో చిన్న అక్షరాలు: "పొగ వేరు, ఆవిరి వేరు."

దేశంలో చాలా ఊళ్లు తిరిగాను, చాలా ఊరేగింపులకు దారిచ్చి పక్కకు నిలబడ్డాను. నీళ్ల కోసం, జీతాల కోసం, ఒక ఊళ్లో కోతుల్ని పట్టుకుపొమ్మనీ జనం నినాదాలివ్వడం విన్నాను. ఆవిరి కోసం ఎవరూ కర్ర పట్టుకోగా చూడలేదు. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఈ-సిగరెట్టు సామీ," అంటూ ఆయన చొక్కా జేబులోంచి లావుపాటి పెన్నులాంటి నల్ల గొట్టం తీసి చూపించాడు. "కరెంటుతో వేడైతాది, రసం ఆవిరైతాది, పీల్చేది. పొగ లేదు, బూడిద లేదు. దాన్ని ముందు మన రాష్ట్రమోళ్లు వద్దన్నారు, ఆమేలే ఢిల్లీవాళ్లు చట్టమే చేసి పారేసినారు. చెయ్యగూడదు, అమ్మగూడదు, దాచిపెట్టగూడదు. సిగరెట్టు మాత్రం సుమ్నే, ఊరికే అట్ల అమ్మొచ్చు. నా అంగట్లోనే అమ్ముతా ఉండాను. ఈ న్యాయం మీకేమన్నా అర్థమైతాదా?"

"ఆ బూడిదరంగు టవలు?"

"మా సంఘం రంగు. పచ్చది రైతులు ఎత్తుకున్నారు, ఎర్రది కార్మికులు, కాషాయం, నీలం, పసుపు అన్నిటికీ ఓనర్లు ఉండారు. మిగిలింది ఇదే. ఆవిరి రంగు కూడా కలిసొచ్చింది."

ఈ మాటంటూ గొట్టం నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని గట్టిగా ఒక దమ్ము లాగాడు. కండక్టరు దారం తెగిన గాలిపటంలా జనం మీదుగా తేలుతూ వచ్చేశాడు.

"బస్సల్లి సేదంగిల్ల రీ!" బస్సులో తాగకూడదని గదమాయింపు.

"ఏడ తాగినా? వాసన చూడప్పా."

కండక్టరు ముక్కు ఎత్తి అటు పీల్చాడు, ఇటు పీల్చాడు. నేనూ పీల్చాను. ఎవరో తెచ్చుకున్న పనసతొనల వాసన, బస్సు డీజిలు వాసన. ఆవిరి గానీ, రసం గానీ, ఏమీ లేదు. కండక్టరు ఓడిపోయిన ముఖంతో వెనక్కి పోయాడు.

"ఆవిరేదయ్యా?" అన్నాను.

"ఇది స్వల్ప కొత్త రకం. కనపడదు," అని గొట్టాన్ని గబగబా జేబులో పెట్టేసి మాట మార్చాడు. "అద్దో చూడండి, ముందర ఆడోళ్ల సీట్లు. కిటికీ పక్క కనకాంబరాలు పెట్టుకోనుండాది చూడండి, మా ఇంటామె మునిలక్ష్మి. ఈ పోరాటమంతా ఆమె కోసరమే."

"ఆవిడ కూడా దీన్ని పీలుస్తుందా?"

"శివశివా! ఆమెకి కాఫీ కావల్ల సామీ. సర్కారు ఒప్పుకుంటే గానీ తాగదు."

బస్సు అప్పటికి మడివాళ దగ్గర ఇంకోసారి ఆగింది. కథ వినడానికి దీనికి మించిన వాహనం మనిషి ఇంకా కనిపెట్టలేదు.

ఆయన పేరు గోపాలప్ప. తాత కాలంలో కోలారు వైపు నుంచి వేరుశనక్కాయల బండి తోసుకుంటూ వచ్చి, బండి ఎక్కడ విరిగిందో అక్కడే ఉండిపోయిన కుటుంబం. బొమ్మనహళ్ళిలో గార్మెంటు ఫ్యాక్టరీ గేటుకెదురుగా ఆయనకు పెట్టె అంగడి. అరటిపళ్లు, బన్నులు, షాంపూ పొట్లాలు, సూదిదారం, సిగరెట్లు. సిగరెట్లు అమ్మడంతో పాటు తాగడమూ తండ్రి నుంచే వచ్చింది. "అమ్మేవాడే తాగకుంటే సరుకు మీద గిరాకీకి నమ్మకం ఎట్ల వస్తాది?" అని యౌవనంలో వాదించేవాడట. యౌవనం పోయింది, వాదన ఉండిపోయింది, దానికి దగ్గు తోడైంది.

మునిలక్ష్మిది ఆనేకల్లు. పుట్టింటినుంచి ఇత్తడి ఫిల్టరు తెచ్చుకున్న మనిషి. లేవగానే కాఫీ, స్నానం చేస్తే కాఫీ, చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదా అని ఆలోచించుకోవడానికి కాఫీ. పక్కింట్లో చావైతే ఒకటి తాగి ఏడవడానికి పోయేది, పెళ్లైతే రెండు తాగి నవ్వడానికి పోయేది. డికాక్షను దిగే చప్పుడు వింటూ పొద్దు చెప్పగలదని గోపాలప్ప గొప్పగా చెప్పాడు.

ఒక చలికాలం గోపాలప్ప అంగడి షట్టరు దించుతూ దగ్గి దగ్గి షట్టరు మీదే వాలిపోయాడు. డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో పైకెత్తి చూపించి ఏమీ అనలేదు. డాక్టరు తిడితే మునిలక్ష్మి తట్టుకునేదే, ఏమీ అనకపోయేసరికి భయపడింది. నేరుగా మునేశ్వరుడి గుడికి పోయి, "నా మొగుడు పొగ మానేదాకా నేను కాఫీ ముట్టను సామీ" అని మొక్కుకుంది.

దేవుడికి మొక్కేటప్పుడు మనవాళ్లు తమకు అతి ఇష్టమైనదాన్నే తాకట్టు పెట్టాలంటారు. వంకాయంటే గిట్టనివాడు కాశీకి పోయి వంకాయ వదిలిపెట్టి రావడం నేనెరుగుదును గానీ, మునిలక్ష్మి ఆ రకం కాదు. ఆ రోజు నుంచి ధనియాల కషాయం. ఫిల్టరు బోర్లించింది. ఆ బోర్లించిన ఫిల్టరుని చూస్తూ కూడా గోపాలప్ప మానలేకపోయాడు. ప్రయత్నించాడు. చూయింగ్ గమ్ము నమిలాడు, లవంగాలు నమిలాడు, చివరికి మెంతులు నమిలి అంగట్లో గిరాకీల మీద అరిచాడు.

అప్పుడు వచ్చాడు కిరణ్. ఒంగోలు పిల్లవాడు, సాఫ్ట్‌వేరు, ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాడు గానీ అప్పుడు బొమ్మనహళ్ళిలో పేయింగ్ గెస్టు. రోజూ సిగరెట్టుకు వచ్చేవాడు రావడం మానేసి, ఒకనాడు కనబడి, "అంకుల్, నేను స్విచ్ అయిపోయా. మీరు కూడా ట్రై చేయండి, జస్ట్ స్టీమ్" అని సింగపూరు నుంచి తెచ్చిన గొట్టం ఒకటి చేతిలో పెట్టాడు. ఢిల్లీ చట్టం ఇంకా రాలేదు. గోపాలప్ప పీల్చాడు. కిరణ్ గిరాకీ పోయిందే అన్న బాధ ఒక పక్క, దారి దొరికిందన్న సంతోషం ఒక పక్క. వారం తిరక్కుండా సిగరెట్టు మీద చెయ్యి పోవడం ఆగింది. దగ్గు సగం తగ్గింది.

ఇంటికి పోయి భార్యతో, "మునీ, మానేసినా. ఫిల్టరు తియ్యి" అన్నాడు.

"ఆ గొట్టమేంది మరి?"

"ఆవిరి. ఇడ్లీ పాత్రలో వస్తాది చూడు, అట్ల."

"ఇడ్లీ పాత్రని నువ్వు జేబులో పెట్టుకోని తిరగతావా? నోట్లోంచి తెల్లగా వస్తా ఉంటే అది పొగ కాకుంటే ఏమి?"

ఇద్దరూ మునేశ్వరుడి దగ్గరికే పోయారు. అక్కడ పూవు అడగడం అని ఒక పద్ధతి. పూజారి విగ్రహం మీద తడి పూలు అంటిస్తాడు, మనం ప్రశ్న అడుగుతాం, కుడివైపు పూవు రాలితే ఔను, ఎడమవైపు రాలితే కాదు. "ఇది పొగా కాదా సామీ" అని అడిగి కూర్చున్నారు. పూవు రాలలేదు. కుడీ లేదు, ఎడమా లేదు. పూజారి కాస్త గట్టిగా గంట కొట్టి చూశాడు, అయినా లేదు. పెళ్లిళ్లు, బోరుబావులు, కోర్టు కేసులు అన్నింటికీ జవాబిచ్చిన దేవుడు దీనికి నోరు మెదపలేదు. ఎదురుగా పెళ్లి సంబంధం వాళ్లు కాచుకుని ఉన్నారు. పూజారికి విసుగొచ్చి, "ఇది దేవుడికి తెలిసే సంగతి కాదప్పా, సర్కారు ఏమంటే అది" అని పంపేశాడు.

అంతే. ఆ మాట మునిలక్ష్మికి మునేశ్వరుడి నోట వచ్చినట్టే. కొన్నాళ్లకు టీవీలో ఢిల్లీ వార్త వచ్చింది. "ఇనినావా? సిగరెట్టు కన్నా అన్యాయమంట. దేవుడు చెప్పిచ్చినాడు," అని ఫిల్టరుని బోర్లించిన చోటు నుంచి అటక మీదికి ఎక్కించింది.

ఇక గోపాలప్పకు మిగిలిన దారి ఒక్కటే. భార్య చేత కాఫీ తాగించాలంటే భారత ప్రభుత్వం చేత చట్టం మార్పించాలి.

ఇక్కడ నాకు పాత సంగతి గుర్తొచ్చి ఆయనకు చెప్పాను. పూర్వం ఒక తురుష్క సుల్తాను కాఫీ అంగళ్లనీ పొగాకునీ కలిపి మూయించాడనీ, మారువేషంలో వీధులు తిరిగి పట్టుకునేవాడనీ చెబుతారు. మన జహంగీరు పాదుషా కూడా పొగాకు మీద ఫర్మానా ఇచ్చాడు. ఆ ఫర్మానాను కొందరు హుక్కా పక్కకు పెట్టకుండానే విని ఉంటారని నా అనుమానం. కాఫీకైతే అరబ్బులు గింజ బయటికి పోనివ్వని రోజులుండేవట. బాబా బుడన్ అనే ఫకీరు ఏడు గింజలు గడ్డంలో దాచుకుని చిక్కమగళూరు కొండలకు తెచ్చాడని కథ.

గోపాలప్ప కంగారుగా ముందు సీట్ల వైపు చూశాడు. "అంటే కాఫీ కూడా దొంగసరుకేనా సామీ? మెల్లగా చెప్పండి. ఆమె చెవిలో పడితే ఇంక అయిపోయింది."

"పిల్లల సంగతేమిటయ్యా మరి?" అన్నాను. "బడి పిల్లల సంచుల్లో దొరుకుతున్నాయంటున్నారు ఈ గొట్టాలు. చట్టం ఊరికే రాలేదు."

ఆయన ముఖం మారింది. అప్పటిదాకా ఉన్న వేళాకోళం పోయింది.

"పిల్లకాయలకి ఇచ్చినోణ్ణి కొట్టండి, కర్ర నేనిస్తాను. నా డిమాండు అది కాదు. నాలాంటి ముసలోళ్లు, ముప్ఫై ఏండ్లు పొగ తాగినోళ్లు, డాక్టరు చీటీ రాసిస్తే అంగట్లో కొనుక్కునేట్టు ఉండల్ల. పూరా ముయ్యద్దు, తాళం పెట్టండి, తాళంచెవి డాక్టరు దగ్గర పెట్టండి. ఇప్పుడేమైంది? ముయ్యకముందు ఒక అంగట్లో దొరికేది, ఇప్పుడు పిల్లకాయల ఫోన్లలో దొరకతాది. మా వీధిలో టైలరు మునిరత్నం దీనికి మారి బాగుండె. చట్టమొచ్చినాక మళ్లీ బీడీ. మొన్న చూస్తే మిషను తొక్కేదానికి ఊపిరి చాలడం లేదు."

ఆ మాటలో అతిశయోక్తి లేదు. మనిషికి తాను చెప్పేదాని మీద నమ్మకం ఉందనిపించింది.

ఆయన రాజకీయ యాత్ర మాత్రం నవ్వకుండా వినలేం. కిరణ్ ఫోనులో ఒక గుంపు తయారుచేశాడు, నాలుగొందల మంది చేరారు, గోపాలప్పని అధ్యక్షుణ్ణి చేశారు. కారణం, మిగతావాళ్లెవరూ పేరు బయటపెట్టరు. అధ్యక్షుడు మొదట వార్డు నాయకుడి దగ్గరికి పోతే, "రాష్ట్రానిది కాదు, కేంద్రానిది" అన్నాడు. కేంద్రం పార్టీ నాయకుడి దగ్గరికి పోతే, "ఆరోగ్యం రాష్ట్రానిదప్పా" అన్నాడు. మూడో ఆయన దగ్గర ఘోరమే జరిగింది. ఆ రోజు పొగాకు వ్యతిరేక దినం. గోపాలప్ప మనవి పత్రం పట్టుకుని, "నేను సిగరెట్టు మానేసినోణ్ణి సార్" అని మొదలుపెట్టాడో లేదో, నాయకుడి మనుషులు ఆయన్ని వేదిక మీదికి లాక్కుపోయి, తలకు మైసూరు పేటా తలపాగా పెట్టి, శాలువా కప్పి, పళ్లబుట్ట చేతిలో పెట్టి ఫోటో తీశారు. మిగతా మాట చెప్పడానికి మైకు అడిగితే జాతీయగీతం మొదలైంది. నిలబడక తప్పలేదు.

"ఆ పేటా ఏం చేశావయ్యా?"

"అంగట్లో పెట్టినా. గుడ్లు దాంట్లో పెడతా ఉండాను, పగలవు."

మెజస్టిక్‌లో దిగాం. నాకు రైలు సాయంత్రానికి. "రండి సామీ, జనం తక్కువుండారు, ఒక తల ఎక్కువైతాది," అన్నాడు గోపాలప్ప. మునిలక్ష్మి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరూ పీల్చేవాళ్లేనా?" అంది.

"లేదమ్మా, ఊరికే."

"ఊరికే వచ్చేవాళ్లు ఇంకా ఉండారా ఈ ఊర్లో!" అని టిఫిను సంచి నా చేతికిచ్చింది.

బెంగళూరులో ఎవరు ఏ బాధతో ఉన్నా నినాదాలు ఫ్రీడమ్ పార్కులోనే ఇవ్వాలి. అది ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎదురుతిరిగినవాళ్లని పట్టుకుని లోపల వేసిన చోటుకి ఇప్పుడు ఎదురుతిరిగేవాళ్లు తామే బస్సెక్కి వస్తున్నారు. నడిమధ్య పాత కాపలా గోపురం ఇంకా అందరినీ చూస్తూనే ఉంది.

ఒక షామియానా కింద అంగన్‌వాడీ ఆడవాళ్లు వందల్లో కూర్చున్నారు. పక్కన జానెడు నీడలో మేం. గుంపులోని నాలుగొందల మందిలో వచ్చినవాడు కిరణ్ ఒక్కడే. వాడు కూడా బండి దిగి, అద్దం దించిన హెల్మెటు తియ్యకుండానే నిలబడ్డాడు.

"తియ్యప్పా, ఉడికిపోతావు," అంది మునిలక్ష్మి.

"వద్దాంటీ, మీడియా ఉంటుంది. మా హెచ్చార్ చూస్తే ఇష్యూ. మా అమ్మ చూస్తే ఇంకా పెద్ద ఇష్యూ."

"మిగతావాళ్లేరి?"

"ఆన్‌లైన్లో సపోర్ట్ చేస్తున్నారాంటీ. బొటనవేళ్లు వస్తున్నాయి చూడండి."

"బొటనవేళ్లు నినాదాలిస్తాయా?"

గోపాలప్ప గొంతు సవరించుకుని "పొగ వేరు!" అని అరిచాడు. హెల్మెటులోంచి "ఆవిరి వేరు" అని బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. నాకు టిఫిను సంచి అడ్డం. మూడోసారికి అంగన్‌వాడీ షామియానాలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. పేరు అక్కయమ్మ, శ్రీనివాసపురం వైపు, మన తెలుగే.

"ఏమి మీ డిమాండు?" అని మునిలక్ష్మిని అడిగింది.

"నాకు కాఫీ కావల్ల అక్కా."

"కాఫీ ఇవ్వడం లేదా? ఎవరు?"

మునిలక్ష్మి మొక్కు నుంచి పూవు దాకా చెప్పుకుపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే జరిగి వచ్చి చుట్టూ చేరారు. పూవు రాలని చోట కొందరు "అయ్యో" అన్నారు. ధనియాల కషాయం దగ్గర అక్కయమ్మ కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాయకులు ఇంకా రాలేదు, గొంతులు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఎవరో కన్నడంలో కావాలే కావాలని మొదలుపెట్టారు:

"బేకే బేకు!"

"కాఫీ బేకు!"

పాత జైలు గోడలు అదిరాయి. గోపాలప్ప చేతులూపుతూ, "కాఫీ కాదమ్మా, ఆవిరి, ఆవిరి!" అంటున్నాడు గానీ ఎవరూ వినడం లేదు. సంఘం స్థాపించిన నాటి నుంచి ఇంత జనం రావడం ఇదే మొదలు, అదీ ప్రతిపక్షం డిమాండు కోసం.

ఆ గోలకి పోలీసాయన రానే వచ్చాడు. ఏఎస్సై ఆదినారాయణప్ప, బాగేపల్లి మనిషి. మనవి పత్రాలు తీసుకుని ఎక్కడికి పంపాలో అక్కడికి పంపడం ఆయన ఆనాటి పని.

"ఎవరప్పా ఇక్కడ కాఫీ సంఘం?"

"కాఫీ కాదు సార్. అఖిల కర్ణాటక ఆవిరి వాడుకదారుల సంఘం. అధ్యక్షుణ్ణి నేను." గోపాలప్ప టవలు సవరించుకుని పత్రం ఇచ్చాడు.

ఆదినారాయణప్ప నిదానంగా చదివాడు. చదివి, "ఈ సామాను పెట్టుకోవడమే తప్పు కదప్పా. జేబులో ఉండేది అదేనా? ఇట్ల తే" అన్నాడు.

హెల్మెటు రెండడుగులు వెనక్కి జరిగింది.

గోపాలప్ప గొట్టం తీసి ఇచ్చాడు. ఏఎస్సై దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, బటను నొక్కాడు. దీపం వెలగలేదు. మూత తిప్పి ఎండకెత్తి లోపలికి చూశాడు. బోర్లించి అరచేతిలో కొట్టాడు. ఒక చిన్న చీమ రాలింది.

"దీంట్లో రసం లేదు, కరెంటు లేదు. చీమలు కాపురం ఉండాయి. నువ్వేమి పీలుస్తా ఉండావు?"

నాకు బస్సులో కండక్టరు ముక్కు గుర్తొచ్చింది.

నినాదాలు ఆగిపోయాయి. మునిలక్ష్మి కనకాంబరాలు సర్దుకుని ముందుకొచ్చింది. "ఏమయ్యా, సారు ఏమంటా ఉండాడు? దాంట్లో ఉండాదా, లేదా?"

ఉందంటే చట్టం పట్టుకుంటుంది, ఆమెకు కాఫీ రాదు. లేదంటే ఆమెకు కాఫీ వస్తుంది, అధ్యక్షుడు పోతాడు. మునేశ్వరుడు తప్పించుకున్న ప్రశ్న తిరిగి తిరిగి గోపాలప్ప మీదే పడింది. ఆయన బూడిదరంగు టవలుతో ముఖం తుడుచుకున్నాడు. అట్టల వైపు చూశాడు. మునిలక్ష్మి వైపు చూశాడు.

"లేదు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన కరగ నుంచి."

కరగ ఉత్సవం చైత్రంలో. అప్పటికి ఇంకో కరగ కూడా దగ్గరపడింది.

"చట్టం రాకముందే కిరణ్ ఒక పెట్టెడు రసం బాటిళ్లు తెచ్చిచ్చినాడు. పొదుపుగా బొట్టు బొట్టు వాడుకున్నా. అయిపోయింది. దొంగసరుకు నా అంగట్లో ఎప్పుడూ పెట్టలేదు, నోట్లో పెడతానా? సుమ్నే ఖాళీది పీలుస్తా ఉంటి. పీల్చీ పీల్చీ అలవాటు పోయింది."

"అంకుల్! మీకు వేరే సోర్స్ ఉందనుకున్నా!" హెల్మెటు అద్దం పైకి లేచింది. మొదటిసారి వాడి ముఖం కనబడింది, పాపం చెమటలో తడిసి ముద్దయింది.

"మరి ఇంట్లో చెప్పేదానికేమి రోగం?" మునిలక్ష్మి గొంతు పెరిగింది. "ఏడాది నాకు ధనియాలు తాపిచ్చినావు! సంక్రాంతికి ధనియాలు, ఉగాదికి ధనియాలు, నా తమ్ముడి గృహప్రవేశంలో అందరూ కాఫీ తాగతా ఉంటే నేను గోడవైపు తిరిగి ధనియాలు!"

"చెప్తే నువ్వు తాగతావు. నువ్వు తాగితే అందరికీ తెలుస్తాది. నిషేధం వల్లే అధ్యక్షుడు మానేసినాడంటే సంఘం ఉంటాదా? అందుకే చట్టం మారిస్తే నువ్వూ తాగొచ్చు, సంఘమూ ఉంటాదని..."

ఆదినారాయణప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే చట్టం పనిచేసిందన్నమాట! ఇంక ఈ పత్రమెందుకప్పా, చించేద్దామా?"

గోపాలప్ప అప్పుడు నిటారుగా నిలబడ్డాడు. అధ్యక్షత పోయాకే ఆ మనిషి అధ్యక్షుడిలా కనిపించాడు నాకు.

"చించొద్దు సార్. నేను మొండోణ్ణి కాబట్టి మానినా. ఈమె అటక మీద ఫిల్టరు పెట్టింది కాబట్టి మానినా. మునిరత్నానికి అట్ల ఎవరుండారు? వాడు మళ్లీ బీడీకి పోయినాడు. నన్నొక్కణ్ణి చూపిచ్చి చట్టం గెలిచిందంటే ఎట్ల? పత్రం తీసుకోండి."

ఏఎస్సై నవ్వు ఆపాడు. పత్రం మీద ముద్ర కొట్టాడు. గొట్టం ఏం చెయ్యాలో ఆయనకీ తోచలేదు. పట్టుకుంటే కేసు, కేసుకు సరుకు లేదు. చివరికి పత్రానికే ఒక రబ్బరు బ్యాండుతో కట్టి, కింద "లగత్తు: ఒకటి" అని రాసుకున్నాడు. జతపరచినది ఒకటి అని అర్థం. ఖాళీ గొట్టం, చీమల చిరునామాతో సహా, ప్రభుత్వ దస్త్రాల్లోకి పోయింది.

మునిలక్ష్మి కొంగు బిగించింది. గేటు దగ్గర సైకిలుకు స్టీలు క్యాను కట్టుకుని నిలబడ్డ కాఫీ అతని దగ్గరికి నడిచింది. వెనక అంగన్‌వాడీ ఆడవాళ్లంతా నడిచారు. కప్పు తీసుకుని, మునేశ్వరుడి గుడి ఏ దిక్కో ఆలోచించి అటు తిరిగి, ఒక చుక్క నేలమీద వదిలి, కళ్లు మూసుకుని నోట్లో పోసుకుంది. అందరం మెడలు చాచి చూస్తున్నాం.

ఆమె కళ్లు తెరిచింది. ముఖం ముడుచుకుంది.

"థూ! ఇది కాఫీనా? చిక్కరీ కడిగిన నీళ్లు! ఇన్నేండ్లు ఆగింది దీనికా?"

కాఫీ అతను "అమ్మా, పొద్దున పెట్టిందమ్మా" అంటున్నా వినకుండా కప్పు పారబోసి రోడ్డెక్కింది. అవతల వీధిలో ఒక దర్శిని, నిలబడి తినిపోయే హోటలు, బోర్డు కనబడుతోంది. అటే పోతోంది. వెనక్కి తిరిగి పిలవలేదు, రావద్దనీ అనలేదు.

గోపాలప్ప ఒక క్షణం అటూ ఇటూ ఊగాడు. ఇటు కిరణ్ ఫోను చూసుకుంటూ, "అంకుల్, గ్రూప్‌లో మీ వీడియో వచ్చేసింది. ప్రెసిడెంట్ రిజైన్ అంటున్నారు" అన్నాడు. అటు మునిలక్ష్మి డివైడరు దాటుతోంది.

"సామీ, ఇది స్వల్ప పట్టుకోండి," అని నా చేతిలో అట్ట కర్ర పెట్టాడు. టిఫిను సంచి ఒక చేతిలో, కర్ర ఇంకో చేతిలో నేను నిలబడిపోయాను.

అలవాటు చొప్పున ఆయన చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. అక్కడేమీ లేదు. ఖాళీ చెయ్యి బయటికి తీసి, ఆటో ఒకదాన్ని ఆగమని ఆ చేత్తోనే సైగ చేసి, రోడ్డు దాటాడు. అవతలి గట్టు మీద మునిలక్ష్మి నడక తగ్గించింది. ఆయన అందుకున్నాడు. ఏదో అన్నాడు, ఆమె ఏదో తిట్టింది, ఇద్దరూ దర్శిని గుంపులోకి పోయారు. ఒక్కసారైనా ఇటు చూస్తాడేమోనని కర్ర కాస్త పైకెత్తాను. చూడలేదు.

"మీ డిమాండు ఏమి సామీ?" అని పక్కనుంచి అక్కయమ్మ అడిగింది.